లీకేజీ

ఇకీకే పట్నం పైన, వలలు నిలబెట్టిన కొండంచున
పొగమంచుని మా అమ్మమ్మ కమంచాకా అని పిలిచేది.
కంపెనీ కాగితాల్లో దాని పేరు ముడిసరుకు.

తెల్లారకముందే సముద్రం మీంచి ఎక్కొస్తుంది,
చెప్పులు చేతబట్టుకున్న దొంగలా.
వలకి తగులుకుని బొట్టు బొట్టుగా
గొట్టాల్లోకి, మీటర్లలోకి, ట్యాంకర్లలోకి.
ఏదైనా మిగిలితే మా గొంతుల్లోకి.

నా పేరు వారా.
ఐమారాలో వారా అంటే చుక్క, ఆకాశంలోది.
కంపెనీకీ నేను చుక్కనే, లెక్కలోది.
పదిహేడేళ్ళు. లీకేజీ విభాగం, మూడో టేబుల్.
మూడు వేల మణికట్లు వెలుగుతుంటాయి నా తెర మీద.
ఎవరికి చెమట పట్టింది, ఎవరి కళ్ళు కారాయి,
ఎంత అన్నది ఉంటుంది.
ఎందుకు అన్న గడి ఖాళీగా ఉంటుంది,
దాన్ని నింపమని ఎవరూ అడగలేదు.
మొన్నొక బాలింత ఖాతాలో
పాల కింద నూట నలభై మిల్లీలీటర్లు కోశాను.
ఆ పూట గంజి మామూలుగానే తాగాను.

యెర్కో వలలు కుట్టేవాడు.
ప్రతి మంగళవారం నాలుగింటికి
అతని చేయి ఉన్నట్టుండి తడిసేది.
ఎండ లేదు, బరువు లేదు, జ్వరం లేదు.
నాలుగు వారాలు పట్టింది నాకు బుర్ర వెలగడానికి:
మంగళవారం నాలుగింటికి
అతని వలల పక్కనుంచే నేను షిఫ్టు దిగుతాను.

నోటీసు నేనే రాశాను, "అకారణ చెమట" అని.
ఇవ్వడానికీ నేనే వెళ్ళాను.
కారణమేమిటని అడిగితే
నీళ్ళు నమిలాడు.
అదీ మీటరెక్కింది.

తర్వాత ఒకరోజు పదిహేడో వరస వెనక్కి తీసుకెళ్ళాడు.
వలలో జానెడు చిరుగు, కావాలనే కుట్టకుండా వదిలింది.
అందులోంచి మంచు టిక్కెట్టు లేకుండా దాటిపోయి
అవతల ఇసుకలో ఊదారంగు పూలు పూయించింది.
సుస్పిరోలట. అంటే నిట్టూర్పులు.
నా ఎత్తు బతుకులో కంపెనీ నాటని మొక్కని
చూడటం అదే మొదలు.
ముద్దుకి పట్టికలో వరస లేదు.
ఉమ్మి కింద వేయాలా, బదిలీ కింద వేయాలా?
ఇద్దరం నవ్వాం. నవ్వుకీ కొంత ఆవిరి పోతుంది.

ఆడిట్ వచ్చింది.
రోజుకి తొమ్మిది లీటర్లు తగ్గుతోందని,
పోయిన నీళ్ళకి నీళ్ళు వదులుకునే అలవాటు కంపెనీకి లేదు.
ఒక పేరు కావాలన్నారు సాయంత్రానికి.
నేను పేరివ్వలేదు.
తొమ్మిది లీటర్లని మూడు వేల మందికి పంచాను,
తలకి మూడు మిల్లీలీటర్లు, ఎవరికీ తెలియనంత.
బాలింతని వదిలి ఆమె వాటా నా మీద వేసుకున్నాను.
అదేదో గొప్ప పనిలాగా.

యెర్కోకి చెప్తే చాలాసేపు మాట్లాడలేదు.
"మన పూలకి వాళ్ళ దాహమా?
వాళ్ళని అడిగావా?" అన్నాడు.
ఆ రాత్రే వెళ్ళి చిరుగు కుట్టేశాడు.
నేను తిట్టాను. ఏడ్చాను, పదకొండు మిల్లీలీటర్లు.
వారంలో పూలు కాగితాలయ్యాయి.
రెండు మంగళవారాలు అతని చేయి పొడిగా ఉంది.

ఇవాళ పొద్దున తెర మీద
ముప్పై ఒకటో వరస. ఆరు లీటర్లు తక్కువ.
పరుగెత్తి యెర్కోని అడిగాను.
నేను కాదన్నాడు, ఈసారి నీళ్ళు నమలకుండా.
మరెవరు?
కొండ మీద ఇంతమందిమి, చేతుల్లో కత్తెర్లున్నవాళ్ళం.

టేబుల్ దగ్గరికొచ్చి కూర్చున్నాను.
ఎందుకు అన్న గడిలోకి వేలు పెట్టి
"గాలి" అని రాశాను.

నాలుగవడానికి ఇంకా పది నిమిషాలుంది.
నా మణికట్టు అప్పుడే తడుస్తోంది.
అది ఎవరి తెర మీద వెలుగుతోందో,
ఆ మనిషి ఏమి తాగి కూర్చున్నారో నాకు తెలీదు.